గోపాలరావు సారు బీరువల నా డిగ్రీ

నాకు కుదురు లేదని మా అమ్మ సత్తమ్మ నేను పుట్టినప్పటిసంది అంటనే ఉన్నది. కూసున్న కాడ కాలు ఊపుత, నిలబడ్డ కాడ చున్నీ కొసలు నలుపుత, బస్సు రాకుంటె ఊకె నిలబడలేక ముందటి స్టాపు దాంక నడిసి పోత. గసుంటి నేను పోయి పోయి అకౌంట్స్ నౌకరిల పడ్డ. పొద్దంత ఒక్క కుర్సీల కూసునే నౌకరి! నవ్వితె నవ్వుండ్రి, నేనేమనుకోను.

నా పేరు కమలకుమారి. మా నాయినమ్మ పేరు తెచ్చి నాకు పెట్టిన్రు, కాలేజిల అటెండెన్సు పిలిసినప్పుడల్లా ఎనక బెంచీలు నవ్వుతుండె. ఇంట్ల కమ్లి అంటరు. మేముండేది ఉప్పల్ల, బీరప్పగడ్డ కాడ, రెండర్రల రేకుల ఇల్లు. మా నాయిన మొగిలయ్య నాచారంల ఒక సబ్బుల కంపెనీల లారీలు నింపే పని చేస్తడు. మా ఇంట్ల డిగ్రీ దాంక సదివింది నేనే. బీకాం కంప్యూటర్స్, ఫస్ట్ క్లాస్. రిజల్ట్ వచ్చిన నాడు నాయిన గల్లీ అంత తిరిగి మైసూర్‌పాక్ పంచిండు.

గా ఫస్ట్ క్లాస్ పట్టుకొని ఏడికి పోయినా ఒక్కటే మాట, "ఎక్స్‌పీరియెన్స్ ఉందా?" అరె, ఎవరన్న నౌకరి ఇస్తె గదా ఎక్స్‌పీరియెన్స్ వచ్చేది! హబ్సిగూడల ఒక ఆడిటర్ ఆఫీసుల గీ మాట ఆయన మొఖం మీదనే అన్న. ఆయన అద్దాలు తీసి నన్ను జూసి, ఇగ పోవచ్చన్నట్టు చెయ్యి ఊపిండు. లాలాపేట్ల ఇంకొకాయన కంప్యూటర్ల లెక్కలు రాసే టాలీ వచ్చా అని అడిగిండు. వస్తదన్న. స్కూటీ నడుపుడు వచ్చా అన్నడు. రాదన్న. మరి ఫోన్ చేస్తాం పో అన్నడు. అకౌంట్లకు స్కూటీకి ఏం సుట్టరికమో నాకు ఇప్పటిదాంక సమజ్ కాలే.

ఆఖరికి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల గోపాలరావు సారు కంపెనీల దొరికింది. టానిక్ సీసాల ప్లాస్టిక్ మూతలు చేస్తరు ఆడ. సారుది భీమవరం దిక్కు. మాట మస్తు మెత్తగ ఉంటది. నా మార్కులు జూసి, "బంగారంలాంటి మార్కులమ్మా, రేపే వచ్చేయ్" అన్నడు. నేను గాల్ల తేలిన. అప్పుడే ఆయన చెయ్యి చాపి, "ఒరిజినల్స్ ఇలా ఇవ్వు. రెండేళ్లు మా దగ్గరే ఉంటాయి. ఇక్కడ పద్ధతి అది" అన్నడు.

టెంతు మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ సర్టిఫికెట్, ప్లాస్టిక్ ఫోల్డర్ల పెట్టుకొని పోయినయి పెట్టుకున్నట్టే ఇచ్చిన. ఎందుకని అడగలే. ఊరందరిని అడిగే నోరు నాది, గా ఒక్క పూట మూత పడ్డది. నౌకరి దొరికిన సంబురంల కిడ్నీ అడిగినా ఇచ్చేదాన్నేమో. తర్వాత ఎరుకైంది, గసుంటి చిన్న కంపెనీలల్ల శాన కాడ గిదే తరీఖ అని. పిల్లలు పని నేర్సుకొని ఎగిరిపోకుండ సర్టిఫికెట్లు పట్టుకుంటరు. సారు నా ఫోల్డర్ ఇనుప బీరువల పెట్టి, తాళం ఏసి, తాళంచెవి జేబుల ఏసుకున్నడు. గా బీరువ సరిగ్గ నా కుర్సీకి ఎదురుంగనే ఉండె.

ఇగ నౌకరి ముచ్చట. కాలేజిల పెద్ద పెద్ద కంపెనీలు ఒకదాంట్ల ఒకటి కలిసిపోయేటప్పుడు లెక్కలెట్ల రాయాల్నో పేజీలకు పేజీలు రాసిన. గీడ బిల్లులకు గుండ్రటి బొక్కలు కొట్టి ఫైలుకు గుచ్చుడు. అది అయినంక సి-ఫారాలు. వేరే రాష్ట్రం వ్యాపారులు మన సరుకు కొంటె, టాక్స్ తక్కువ పడేతందుకు గొక ఫారం వాళ్లు మనకు పంపాలె. పంపరు! పొద్దంత ఫోన్ పట్టుకొని నాకొచ్చిన గల్లీ హిందీల నాగపూరాయనను, రాయచూరాయనను అడుక్కునుడు. "కల్ భేజేంగే మేడమ్" అంటరు. గా రేపు వస్తె ఒట్టు.

సారును తిట్టుకునుడు తప్పు. బ్యాంకు లెక్కకు మన లెక్కకు ఎట్ల జోడు కలుపాలె, టాక్సు రిటర్ను ఎట్ల నింపాలె, పక్కన కుర్సీ ఏసుకొని కూసొని నేర్పిండు. తప్పు జేస్తె గూడ "పర్లేదులేమ్మా, చెరిపేసి మళ్లీ చెయ్" అంటుండె. మధ్యాహ్నం ఆయన భార్య త్రిపురసుందరి మేడమ్ టిఫిన్ డబ్బ తెస్తే నాకింత పప్పుచారు పోస్తుండె. మంచోళ్లే. గని నాకు ఊపిరాడకపోతుండె. కిటికిల కెళ్లి జూస్తె ఎదురు కంపెనీ గోడ. గోడ కాడికెళ్లి చూపు తిప్పుతె బీరువ. రెండేండ్లు గా బీరువను జూసుకుంట కూసోవాల్నా అనుకుంటె కాలు దానంతటదే ఊగుతుండె. "టేబుల్ కదులుతోందమ్మా" అని సారు అంటుండె.

గట్ల చలికాలం పోయింది. మార్చి మొదట్ల నా దోస్తు ధనశ్రీ ఫోన్ జేసింది. అది హైటెక్ సిటీల ఒక పెద్ద కంపెనీల అకౌంట్స్ పని చేస్తది. మనుషులను తీసుకుంటున్నరు రమ్మన్నది. కడుపు నొస్తుందని సారుకు చెప్పి పోయిన. పరీక్ష పెట్టిన్రు, మాట్లాడిన్రు, తీసుకున్నరు! సారిచ్చే జీతానికి డబల్. ఉప్పల్ రింగురోడ్డు దాంక కంపెనీ బండి వస్తది. ఒక్కటే మాట చెప్పిన్రు: వచ్చే సోమవారం పొద్దుగాల ఒరిజినల్స్ తెచ్చి సూపియ్యాలె, సూసి ఆన్నే వాపస్ ఇస్తరు. తేకపోతె ఆ సీటు ఎనక ఉన్నోళ్లకు పోతది.

నా పానమంత గా బీరువల పడ్డది. ఉన్నది ఉన్నట్టు సారును అడుగుదామా? మార్చి నెలల అకౌంట్స్ మనిషిని ఎవరు ఇడుస్తరు? ఏడాది లెక్కలు ముప్పై ఒకటికి మూయాలె. నాకంటె ముందు చేసిన బాలరాజు అని ఒకడు, నిజం చెప్పి అడిగినందుకు తన కాయిదాల కోసం నెలల తరబడి తిరిగిండు. నేను చేరినంక గూడ శనివారం శనివారం వచ్చి గేటు కాడ నిలబడుతుండె. వాణ్ని జూసినప్పుడల్లా నాకు చెమటలు పడుతుండె. గందుకే గురువారం నాడు ఫైలు చేతుల పట్టుకొని సారు కాడికి పోయి అన్న, "సార్, నాకు సంబంధం వచ్చింది. పిలగానోళ్లు సర్టిఫికెట్లు సూస్తమంటున్నరు. ఒక్క రోజు ఇస్తరా?"

సారు మొఖం ఎలిగిపోయింది. "శుభం! ఎక్కడి సంబంధం?" అన్నడు. నాకు నోటికి నారపల్లి అని వచ్చింది. ఆ నెలంత నారపల్లిల ప్లాట్లున్నయని బస్సుల మీద, గోడల మీద గా పేరే ఉండె మరి.

"నువ్వెందుకు మోసుకెళ్లడం, ఆదివారం సాయంత్రం మేమే తెస్తాం" అన్నడు సారు. "మీ నాన్నగారిని కూడా కలిసినట్టుంటుంది. మా ఆఫీసు పిల్ల పెళ్లంటే మా ఇంటి పిల్ల పెళ్లే."

సచ్చిపోయిన! వద్దు సార్ అందామంటె ఆయన అప్పటికే మేడమ్‌కు ఫోన్ చేస్తుండు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పిన. ముందుగాల నా ఈపు మీద ఒక్కటిచ్చింది. పెండ్లి మాట మీద అబద్ధమా, నోట్ల పురుగులు పడ, అని తిట్టింది. తర్వాత, "గా కొత్త నౌకరిల నిజంగ డబల్ ఇస్తరా?" అని అడిగింది. ఇస్తరన్న. ఇగ మొత్తం పని అమ్మే చేతులకు తీసుకున్నది. ఒక్కటే ఫికర్, నాయిన. నాయినకు అబద్ధం ఆడుడు రాదు. ఒకసారి కంపెనీల లీవు కోసం జరమొచ్చిందని చెప్పమంటె, పోయి "జరం రాలే సారు, బిడ్డ పరీక్ష ఫీజు కట్టేదుంది" అని చెప్పొచ్చిన మనిషి. గందుకని ఆయనకేం చెప్పకుండ ఆదివారం మధ్యాహ్నం అంబర్‌పేట్ల మా మేనత్త ఇంటికి తోలినం.

మా కర్మ ఎట్లున్నదో సూడుండ్రి. ఆ ఏడాది తెలంగాణ లొల్లి జోరు మీదుండె. రోజు ఏదో ఒక కాడ ధర్న, ఏదో ఒక కాడ రాస్తారోకో. రామంతాపూర్ కాడ జనం రోడ్డు మీద కూసున్నరట, బస్సులు బందైనయట. నాయిన ఆడికెళ్లే ఎనకకు మర్రి నడుసుకుంట ఇంటికొచ్చిండు. "నేను గూడ జరసేపు ఆళ్లతోని కూసొని వచ్చిన" అని చెంబు ఎత్తి నీళ్లు తాగుతుండు, అప్పుడే సారు తెల్ల మారుతి కారు మా గల్లీలకు వచ్చింది. అమ్మ నన్ను జూసింది, నేను అమ్మను జూసిన. ఇగ చెప్పే యాళ్ల ఏడున్నది?

సారు, మేడమ్ లోపలికొచ్చిన్రు. మేడమ్ చేతుల పండ్లు, జాకెట్ గుడ్డ, కుంకుమ పొట్లం. సారు సంకల నా ప్లాస్టిక్ ఫోల్డర్. నా కండ్లు దాన్ని ఇడిస్తలేవు. నాయిన పక్కింటికెళ్లి కుర్సీలు తెచ్చి ఏసిండు.

"మొగిలయ్యగారూ, చాలా సంతోషం. అబ్బాయి ఏం చేస్తాడు?" అన్నడు సారు.

"ఏ అబ్బాయి సారు?" అన్నడు నాయిన.

అమ్మ నడుమల దూకింది. "యాదిమరుస్తడు సారు మా ఆయన. నారపల్లి పిలగాడు. ఒక్కడే కొడుకు. సొంత ఇల్లు, రెండు ప్లాట్లు, దినాం గుడికి పోతడట. పిలగాని తల్లి గూడ మస్తు మంచిదట, కోడలును బిడ్డ లెక్క సూసుకుంటదట." నేను నోరు తెరిసి అమ్మ దిక్కే సూస్తున్న. అత్తను గూడ పుట్టిచ్చింది! నాయిన అమ్మను జూసి, నన్ను జూసిండు. ఏదో ఉన్నదని ఆయనకు సమజైంది గని, ఏందో సమజ్ కాలే. నేను తల దించుకున్న. ఆయన గూడ తల దించుకున్నడు.

మేడమ్ నన్ను దగ్గర కూసోబెట్టుకొని పండ్లు ఒళ్లె పెట్టింది. సారు ఫోల్డర్ తెరిసి ఒక్క కాయిదం తీసి నా చేతికిచ్చిండు. టెంతు మెమో. ఫోల్డర్ మల్ల మూసి సంకల పెట్టుకున్నడు.

"సార్, డిగ్రీది గూడ..." అన్న.

"వాళ్లకు కావలసింది పుట్టిన తేదీ కదమ్మా. జాతకానికైనా, వయసుకైనా టెంత్ మెమో చాలు. డిగ్రీదెందుకు? రెండేళ్లు కాలేదు కదా. నా దగ్గర భద్రంగా ఉంటుందిలే."

గింత అబద్ధమాడి, అమ్మతోని ఆడిపిచ్చి, నాయిన తల దించుకునేటట్టు చేసి, చేతికొచ్చింది టెంతు మెమో! మేడమ్ కుంకుమ ఏలుకద్దుకొని నా నొసలు మీదికి తెస్తున్నది. ఆమె కండ్లల్ల నిజమైన సంబురం. గది నాతోని కాలే. ఆమె చెయ్యి పట్టుకొని ఆపిన.

"సార్, పెండ్లి లేదు, గిండ్లి లేదు. నారపల్లిల మాకెవలు ఎరుక లేదు. నాకు హైటెక్ సిటీల నౌకరి వచ్చింది. రేపు పొద్దుగాల నా డిగ్రీ సూపియ్యాలె. నిజం చెప్తె ఇయ్యరని అబద్ధం చెప్పిన. తప్పే. గని అది నా డిగ్రీ సార్, నాకియ్యుండ్రి."

అమ్మ కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్నది. మేడమ్ ఏలు మీద కుంకుమ గట్లనే ఉన్నది. సారు గుస్స చేస్తె నేను గూడ నాలుగు మాటలందును. ఆయన గుస్స చెయ్యలే. "నీకంటే ముందు ముగ్గురమ్మా" అన్నడు. "నేర్పిస్తాను, వెళ్లిపోతారు. నేర్పిస్తాను, వెళ్లిపోతారు. మార్చి నెలాఖరుకు నన్ను రోడ్డు మీద వదిలేసి పోతావా? మేం ఇంటికొచ్చి పళ్లు పెట్టాం..." మాట పూర్తి చెయ్యకుండనే లేసి, ఫోల్డర్ పట్టుకొని బయటికి నడిసిండు. మేడమ్ ఎనకాల పోయింది.

అప్పుడు నాయిన అడిగిండు, "నీ సర్టిఫికెట్ ఆయన కాడెందుకున్నది?"

"నౌకరికి పెట్టుకున్నరు నాయినా. రెండేండ్లకు."

"నాకు చెప్పలే నువ్వు."

గంతే అన్నడు. చెప్పులు గూడ ఏసుకోకుండ బయటికి పోయిండు. నేను తిడతడేమో, కొడతడేమో అని గాబరతోని ఎనక ఉరికిన. నాయిన తిట్టలే. కారు ముందటికి పోయి, మా గల్లీ మట్టిల, సక్కగ బాసింపట్టు ఏసుకొని కూసున్నడు.

సారు ఒకసారి హారన్ కొట్టిండు. నాయిన లేవలే. ఎదురింటి ఉప్పలమ్మ బియ్యం చేట పట్టుకొనే బయటికొచ్చింది. "ఏందన్నా, గీడ గూడ రాస్తారోకోనా?" అన్నది. "బిడ్డ డిగ్రీ ఇయ్యాలె" అన్నడు నాయిన. ఆమె చేట అరుగు మీద పెట్టి, చీర కుచ్చిళ్లు సదురుకొని పక్కన కూసున్నది. ఇంకేంది! ఆ రోజులల్ల ఒక మనిషి రోడ్డు మీద కూసుంటె పది మంది ఎందుకని అడగకముందే కూసుంటుండె. ఇంటికొకలొచ్చి కూసున్నరు. ఎనకకెళ్లి ఎవడో జై తెలంగాణ అని ఒర్రిండు. కారుల సారు మొఖం తెల్లగైంది. మేడమ్ సారు చెయ్యి గట్టిగ పట్టుకున్నది. అది జూసి నాకు మస్తు సిగ్గైంది. వీళ్లు పండ్లు పట్టుకొని వచ్చినోళ్లు గదా.

నాయిన ఎనకకు తిరిగి వాణ్ని గదుమాయించిండు. "ఏయ్, గా లొల్లి గాదురా గిది. సారు మంచాయన. మా పోరికి పని నేర్పిండు, వాళ్లింటి బువ్వ పెట్టిన్రు. ఆయనను ఎవలు ఏమనద్దు. బిడ్డ కాయిదం ఇచ్చి పోవాలె, గంతే ముచ్చట."

"గట్లయితె పొయ్యి తెస్తనన్నా, ధర్నలల్ల లెక్క రోడ్డు మీదనే వంటావార్పు చేద్దాం. సారుకు గూడ ఇంత పెడదాం, యాళ్లైతుంది" అన్నది ఉప్పలమ్మ. అందరు నవ్విన్రు. కారుల మేడమ్‌కు గూడ నవ్వొచ్చింది, ఆపుకున్నది.

సారు అద్దం దించిండు. "మొగిలయ్యగారూ, నా బాధ కూడా వినండి. మనిషి నిలబడకపోతే నేను కంపెనీ ఎలా నడపను?"

"నిజమే సారు" అన్నడు నాయిన. కూసున్న కాన్నుంచే చేతులు జోడించిండు. "జర జీతం పెంచి ఉంచుకోండ్రి. ఉంటనంటె ఉంటది. సదివిన కాయిదం గుంజుకొని ఉంచుకుంటె ఎట్ల సారు?"

సారు స్టీరింగు మీద చేతులు పెట్టుకొని కూసున్నడు. మేడమ్ ఆయన చెవుల ఏదో అన్నది. ఆయన ఫోల్డర్ తీసి కిటికిల కెళ్లి నా దిక్కు చాపిండు. నేను పోయి పట్టుకున్న. ఆయన ఇంక ఇడిసిపెట్టలే. "నాగపూర్ వాళ్ల సి-ఫారం ఏ ఫైల్లో ఉందమ్మా?" అని అడిగిండు.

"నీలం ఫైలు సార్, కింది అరల." అన్న. "సాయంత్రాలు వస్త సార్. కొత్తగ వచ్చేటోళ్లకు అన్ని చూపిచ్చి పోత. ఒట్టు."

ఆయన చెయ్యి ఇడిసిండు. నేను ఫోల్డర్ రొమ్ముకానిచ్చుకున్న. ఇగ ఉరుకుదామా, ఇంట్లకు పోయి తలుపేసుకుందామా అన్నట్టుంది పానం. జనం బట్టలు దులుపుకుంట లేస్తున్నరు. నాయిన మాత్రం లేవలే.

"తియ్యి" అన్నడు. "నీదేనా సూడు. సదువు."

"నాదే నాయినా. ఇంగ్లీషుల ఉంటది. ఇంట్లకు పోయి సదువుత, లే. సారు పోవాలె."

"గీడనే సదువు. మళ్ల వేరేటోళ్లదొస్తె?"

ఏం చేస్త, కారు లైట్ల ముందట నిలబడి సదివిన. ఒక్కొక్క మాట ఇంగ్లీషుల సదివి తెలుగుల చెప్పిన. కమలకుమారి, మొగిలయ్య బిడ్డ, బీకాం పరీక్షల ఫస్ట్ క్లాసుల పాసైంది.

"మొగిలయ్య అని ఉన్నదా?" అన్నడు నాయిన.

"ఉన్నది."

"నేనేడ సదివిన? నా పేరెందుకు ఏసిన్రు గండ్ల?"

"తండ్రి పేరు ఏస్తరు నాయినా. డిగ్రీ మీద రాస్తరు."

ఆయన లేసి నిలబడ్డడు. మట్టంటిన చెయ్యి లుంగీకి రెండు దిక్కుల తుడుసుకున్నడు. "ఏడున్నది, సూపెట్టు" అన్నడు. నేను ఆయన ఏలు పట్టుకొని ఆ అక్షరాల కాడికి తెచ్చిన. మైసూర్‌పాక్ పంచిన నాడు గూడ ఆయనకు గా ముచ్చట నేను చెప్పలే, ఆయన అడగలే. ఏలు కాయిదానికి తగలనియ్యకుండ, మీద మీదనే, ఆ కొసకెళ్లి ఈ కొసకు జరిపిండు. నాకు ఏడుపొచ్చింది, దాసుకోలే.

"ఇంకోపారి సదువు బిడ్డా" అన్నడు.

నేను మళ్ల మొదటికెళ్లి సదివిన. కారు ఇంకా ఆన్నే ఆగి ఉన్నది, సారు హారన్ కొట్టలే.